అడగడం మానేసిన పెట్టె

"ఇచ్చేస్తే సరిపోతుంది. ఎవరం ఏమీ అనుకోం," అన్నారు బావగారు.

భోజనాల వేళ. ఎంబ్రాయిడరీ షెడ్డులో పనివాళ్ళంతా గోడవార బల్లల మీద కూర్చుని క్యారియర్లు విప్పుతున్నారు. చిన్నకోడలు కిటికీ పక్కన తన చోట కూర్చుని, అప్పుడే మిషన్ మీంచి దిగిన జేబు ముక్కని వెలుతురుకేసి పట్టుకుని, అక్షరానికీ అక్షరానికీ మధ్య సాగిన దారాల్ని చిన్న కత్తెరతో కత్తిరిస్తోంది. ఆ పనిలో తలెత్తితే దారంతోబాటు గుడ్డ కూడా తెగుతుంది. అందుకని తలెత్తకుండానే అడిగింది.

"ఏం ఇవ్వాలి బావగారూ?"

"ఏం ఇవ్వాలో నీకు తెలీదా? ఆసుపత్రి డిజైను. దాంతోబాటు మిగతావన్నీ. ఎండలు మొదలైన దగ్గర్నుంచీ నువ్వు చేసినవి ఒక్కటంటే ఒక్కటి లేదు పెద్దపెట్టెలో. పాతవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కొత్తవే ఎగిరిపోయాయి. రెక్కలేమైనా కుట్టావా వాటికి?"

కత్తెర ఆగింది. ఒకరిద్దరు నవ్వబోయి, ఇది నవ్వాల్సిన మాట కాదని తెలిసి మూతలు తీయడంలో పడ్డారు.

పెద్దపెట్టె అంటే షెడ్డు మూల ఇనుప ర్యాకు కింద ఉండే కంప్యూటరు. దాని ముందు కూర్చుని పనిచేసేవాళ్ళెవరూ లేరు. పొద్దున్న బటన్ నొక్కితే లేస్తుంది, సాయంత్రం నొక్కితే పడుకుంటుంది. ఈ మధ్యలో షెడ్డులోని మిషన్లన్నీ దాన్లోంచే డిజైన్లు తీసుకుని కుడతాయి. లోపల లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉందనీ, డిస్కులు రెండున్నాయనీ, ఒకదాన్లో రాసిందే రెండోదాన్లోనూ రాసుకుంటుందనీ, ఒకటి పడిపోయినా రెండోది ఆదుకుంటుందనీ కొన్నప్పుడు బావగారు ఇంటిల్లిపాదికీ చెప్పారు. ఆ ఏర్పాటుని రెయిడ్ అంటారట. కవలల్ని కన్న తండ్రిలా చాలాకాలం ఆయన దాని గురించే మాట్లాడారు.

"నేను తియ్యలేదు," అంది చిన్నకోడలు.

"తియ్యకపోతే ఏమవుతాయి? డిజైన్ల జోలికి వెళ్ళేది నువ్వొక్కదానివే. పైగా పోయిన వారమేగా, పైన గదిలో సొంతంగా మిషన్ పెట్టుకుంటానన్నావు? బయటి షాపులకి డిజైన్లు చేసిస్తానన్నావు. అన్నావా లేదా?"

"అన్నాను."

"మరింకేం!" అన్నారు బావగారు. పరీక్షలో ఆఖరి ప్రశ్నకి కూడా జవాబు రాసేసినవాడి మొహం పెట్టారు. "శుక్రవారం ఆసుపత్రి వాళ్ళకి యూనిఫారాలు వెళ్ళాలి. ఈలోపు తెచ్చిచ్చెయ్యి. ఇంటి విషయం ఇంట్లోనే ఉంటుంది."

ఇంటి విషయాన్ని ఆయన షెడ్డంతా వినేలా చెప్పారు. వరస చివరి మిషన్ నడిపే మాస్టారు, ఈ షెడ్డులో అందరికంటే పాతమనిషి, ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయి చూస్తున్నాడు.

చిన్నకోడలు జేబు ముక్కని మడిచి, కత్తెర దాని మీద పెట్టింది.

"అందరి ముందూ అడిగారు కాబట్టి అందరి ముందే చెబుతున్నాను. నేను తియ్యలేదు. నా దగ్గర లేవు. లేనివి ఇవ్వడం నాకు రాదు."

*

"మళ్ళీ చేసిచ్చెయ్యరాదూ," అన్నాడు భర్త సాయంత్రం, వ్యాను తాళాలు వేలికి తిప్పుకుంటూ. షెడ్డులో తయారైన యూనిఫారాలు ఊరంతా చేరవేసే పని ఆయనది. ఊళ్ళో దారులన్నీ తెలుసు, అన్నయ్య ముందు మాత్రం ఒక్కదారీ తోచదు. "రెండు చేతులూ మధ్యలో మొక్కా, అంతేగా ఆ బొమ్మ? నీకు కళ్ళు మూసుకున్నా వస్తుంది. ఒక్కపూట పని. చేసిచ్చేస్తే గొడవ వదిలిపోతుంది."

చిన్నకోడలు డాబా మీద కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తోంది. ఒక కొసన విరిచి, రెండో కొసదాకా లాగి, ఈనె గిన్నె బయట వేస్తోంది.

"చేసిస్తే ఏమంటారు మీ అన్నయ్య?"

"ఏమంటాడు, సంతోషిస్తాడు."

"కాదు. ఇన్నాళ్ళూ దగ్గరే దాచుకుంది, గట్టిగా అడిగేసరికి తెచ్చిచ్చింది అంటారు. ఆ బొమ్మ మళ్ళీ చేసిన పూటే నేను దొంగనైపోతాను."

తాళాలు తిరగడం ఆగిపోయింది.

"అన్నయ్య అలా అనే మనిషి కాదు."

"మరి మధ్యాహ్నం అన్నదెవరు? మీ అన్నయ్యకి కూడా కవల ఉన్నాడా?"

"అది కాదే. ఇవ్వకపోతే దొంగే అంటాడు కదా?"

"ఇప్పుడూ అంటున్నారు. ఇస్తే దొరికిన దొంగ అంటారు. దొరకనిదాన్నైతేనే నయం."

"నువ్వు మరీ మొండి."

"పెళ్ళికి ముందు మీవాళ్ళు వాకబు చేశారుగా. ఎవరూ చెప్పలేదా?"

ఆయన నవ్వకూడదనుకుని నవ్వాడు. ఆ మొక్క బొమ్మ ఆకుల దగ్గర ఆమె ఎన్నిసార్లు కుట్టు దిశ మార్చిందో ఆయనకీ తెలుసు. ఆకులు ఒకే వైపు కుడితే గుడ్డ లాక్కుని ముడతలు పడుతుంది. ఒక్కో ఆకూ ఒక్కో వాలుకి పెట్టాలి, అడుగున పల్చగా ఇంకో కుట్టు పరవాలి, ఆ తర్వాత వేళ్ళు. చేతివేళ్ళు కుట్టడం అన్నిటికంటే కష్టం. కాస్త అటూ ఇటూ అయితే అరిటిపళ్ళు అవుతాయి.

అప్పుడే తోడికోడలు డాబా మీద బట్టలు తీయడానికి వచ్చింది. చిన్నకోడలు ఆమెని అక్కా అనే పిలుస్తుంది. ఆరిన బట్టలు తీసుకుని దిగిపోవాల్సిన మనిషి, వాటిని అక్కడే ఒకటొకటిగా మడిచింది. మడిచిన దిండు గలేబుని విప్పి మళ్ళీ మడిచింది.

"ఏంటక్కా?"

"ఏం లేదు. తిన్నావా?"

"ఇంకా వండందే?"

"ఆఁ, అదే," అని అక్క మెట్లు దిగిపోయింది. ఏదో చెప్పడానికి వచ్చి తిండి దగ్గర ఆగిపోయిందని చిన్నకోడలికి అర్థమైంది. ఆ ఇంట్లో చెప్పలేని మాటలన్నీ చివరికి తిన్నావా దగ్గరకే వచ్చి ఆగుతాయి.

*

మర్నాడు ఆమె షెడ్డుకి రాదని అందరూ అనుకున్నారు. రోజూ వచ్చేవేళకే వచ్చి, కుర్చీ మీద దుమ్ము దులుపుకుని కూర్చుంది. బావగారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఆయన అప్పటికే బయట ఎవరిచేతో ఆసుపత్రి బొమ్మ మళ్ళీ చేయించి తెప్పించారు. మాస్టారు దాన్ని మిషన్‌కి ఎక్కించి, ఫ్రేములో తెల్లగుడ్డ బిగించి నమూనా కుట్టాడు. సూదులు ఆగాక గుడ్డ విప్పి, ముందు అటు తిప్పి చూశాడు, తర్వాత ఇటు తిప్పి చూశాడు.

"పైకి ఏది సార్?"

"మొక్క పైకి," అన్నారు బావగారు.

"మొక్కా? నేను చీపురనుకున్నాను. ఆసుపత్రి కదా, శుభ్రం గురించేమో అని."

మిషన్ల చప్పుడులో కూడా నవ్వు వినపడింది. చిన్నకోడలు మాత్రం నవ్వలేదు. ఆ గుడ్డ మధ్యలో ముడత ఎందుకు పడిందో ఆమెకి దూరంనుంచే తెలిసిపోయింది. చెబితే ఒక్క నిమిషం పని. చెప్పకుండా కూర్చోవడానికే ఒళ్ళంతా బిగబట్టుకోవాల్సి వచ్చింది.

చెయ్యడానికి పని లేక, పెద్దపెట్టెలో ఏం పోయాయో, ఏం మిగిలాయో చూద్దామని తన బల్ల మీది కంప్యూటరులో దాని డిజైన్ల వరస తెరిచింది. హోటలు వాళ్ళ టోపీ ఉంది. బడి పిల్లల బ్యాడ్జి ఉంది. ఇంకా కిందికి వెళ్ళి, ఒక బొమ్మ దగ్గర ఆగిపోయింది.

హంస. సబ్బుల కంపెనీ కోసం చేసింది. మెడ వంపు కుదరక, తోక పైకి లేచిపోయి, కుట్టాక అది అచ్చం కూజాలా వచ్చింది. షెడ్డులో దానికి కూజా అనే పేరు స్థిరపడింది. సబ్బులవాళ్ళు వద్దని తిప్పి పంపిన రోజు బావగారు ఇదే కుర్చీలో కూర్చుని, "దీని మొహం మళ్ళీ నాకు కనపడకూడదు," అని స్వహస్తాలతో చెరిపేశారు. అది ఎండలు బాగా ముదిరాక. ఆ తర్వాతే ఆమె కొత్త హంసని చేసింది. ఆ కొత్త హంస ఇప్పుడు లేదు. కూజా మాత్రం నిక్షేపంలా ఉంది.

ఆమె లేచి బావగారి దగ్గరికి వెళ్ళింది.

"మీరు చెరిపేసిన కూజా తిరిగొచ్చింది."

"అయితే?"

"దొంగ ఉన్నవి ఎత్తుకుపోతుంది. మీరు పారేసినదాన్ని ఏరుకొచ్చి మళ్ళీ దాని చోట్లో పెడుతుందా? నాకంత తీరిక ఎక్కడిది బావగారూ?"

ఆయన చేతిలోని చీపురు గుడ్డనీ ఆమెనీ మార్చి మార్చి చూశారు.

"సరిగ్గా చెరపలేదేమో."

"మీరు చెరిపేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. పెట్టె నిజంగానా అని అడిగింది. నిజంగానే అని రెండుసార్లు నొక్కారు, కోపంలో. ఏవో కొన్ని పోవడం కాదిది. పెట్టె మొత్తం ఎండలు మొదలైన రోజుకి వెళ్ళిపోయింది."

"పెట్టెలు వెనక్కి నడుస్తాయా?"

"నాకు తెలీదు. తెలిసినాయన్ని పిలుస్తున్నాను."

"నన్నడక్కుండానే?"

"నన్ను దొంగ అనేముందు మీరెవర్నైనా అడిగారా?" అని ఫోను తీసుకుని బయటికి నడిచింది. వెనక ఆయన ఏదో అన్నారు. ఆ క్షణాన చెవులు పనిచేయనట్టు నడవడం ఆమెకి ఈ ఇంటికొచ్చాకే అలవాటైంది.

*

కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని షెడ్డులో రీస్టార్ట్ అంటారు. ఎదుట మాత్రం సార్ అంటారు. ఏ రోగానికైనా ఆయన మొదటి మందు ఒకటే. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు, ఎవరికీ ఎదురు చెప్పడు. ఇన్నేళ్ళుగా ఆయన్నే పిలవడానికి అది కూడా ఒక కారణం.

బుధవారం పొద్దున్నే వచ్చి, పెద్దపెట్టెని ర్యాకు కిందనుంచి బయటికి లాగి, పక్కమూత విప్పాడు. లోపల దారప్పోగుల దుమ్ము మెత్తగా పేరుకుని ఉంది. దాన్ని ఊది, తుమ్మి, టార్చి వేసి చూశాడు.

"ఇదిగో. ఒక డిస్కు తీగ ఊడిపోయింది."

తీగ బిగించి, తెచ్చుకున్న తెర తగిలించి, బటన్ నొక్కాడు. నల్లటి తెర మీద తెల్లటి వరసలు గబగబా పైకి జారిపోయి, హఠాత్తుగా ఆగిపోయాయి. అట్టడుగున చిన్న గీత ఒకటి మాత్రం ఆరుతూ వెలుగుతోంది. రీస్టార్ట్ తన మందు వేశాడు. పెట్టె మళ్ళీ లేచి, మళ్ళీ అక్కడికే వచ్చి ఆగింది.

"ఏమంటోంది?" అంది చిన్నకోడలు.

"డిస్కులు రెండూ గొడవపడుతున్నాయి మేడమ్. అది పోయింది, జంటలో నేనే ఉన్నానంటోంది ఇది. ఇది పోయింది, నేనే ఉన్నానంటోంది అది. ఎవరి మాట నమ్మాలో తెలీక లేవడం ఆపేసింది."

"తెలీనప్పుడు ఆగాలన్న బుద్ధి ఉందన్నమాట దానికి."

బావగారు పెద్దగా దగ్గారు.

రీస్టార్ట్ పెట్టె ఆపి, స్క్రూలు తీసి, రెండు డిస్కుల్నీ బల్ల మీదికి తెచ్చాడు. రెండూ అరచెయ్యంత ఇనుప పలకలు. ఏది ఏదో పోల్చుకోవడానికి ఒకదానికి ఎర్రదారం కట్టమని చిన్నకోడల్నే అడిగాడు. తీగ ఊడి దొరికినదానికి ఆమె ఎర్రదారం కట్టింది.

"పని తేలికే సార్," అన్నాడు బావగారితో. "సోమవారంనుంచీ నడుస్తున్నది దారం లేని డిస్కు. అంటే అదే బాగున్నది. తీగ ఊడింది కాబట్టి పోయింది ఈ ఎర్రదారంది. దీన్ని పూర్తిగా తుడిచి, మళ్ళీ దాని పక్కన చేరిస్తే, దాన్లో ఉన్నదంతా దీన్లోకి రాసుకుంటుంది. సాయంత్రానికి మామూలే."

"కానివ్వు," అన్నారు బావగారు.

"తుడిచేముందు అందులో ఏముందో చూశారా?" అంది చిన్నకోడలు.

"పోయినదాన్లో ఏముంటుంది మేడమ్?"

"పోయిందని ఎవరన్నారు?"

"తీగ ఊడింది కదా."

"మైకు తీగ ఊడితే పాడేవాడు పోయినట్టా?"

బావగారు గడియారం చూసుకున్నారు.

"ఇదిగో అమ్మాయ్, శుక్రవారం ఎంతో దూరం లేదు. చీపురో గీపురో, ఆ కొత్త బొమ్మ ఈ నడిచేదాన్లోనే ఉంది. ఈ రెండ్రోజుల పనీ దాన్లోనే ఉంది. నీ అనుమానాలకోసం నేను మిషన్లు ఆపుకుని కూర్చోలేను. నువ్వు తుడిచెయ్యవయ్యా."

రీస్టార్ట్ చెయ్యి చాచేలోపు చిన్నకోడలు ఎర్రదారం డిస్కుని తీసుకుని, కుర్చీలో కూర్చుని, ఒళ్ళో పెట్టుకుంది. ఇంకా గోరువెచ్చగా ఉంది. రెండు చేతులూ దాని మీద పెట్టింది.

"ఇటివ్వు."

"ఇవ్వను."

"చూశారా!" బావగారు షెడ్డంతా కలియజూశారు. "చూశారా, అందరి కళ్ళముందే..."

"అవును, ఈసారి నిజంగానే తీసుకున్నాను. సాక్షులు కూడా ఉన్నారు. పోయినసారి మీకు అదే తక్కువైంది." ఆమె చేతులు కదల్లేదు. "వినండి. ఆ రెండోది పక్కన పెట్టించి, ఇదొక్కటే తగిలించి చూడమనండి. కొత్తగా ఏమీ రాయకుండా ఊరికే చూడమనండి. ఇందులో నా డిజైన్లు లేకపోతే నేనే తుడుస్తాను. ఆసుపత్రి బొమ్మ కూర్చుని మళ్ళీ చేసిస్తాను. నువ్వే తీశావని మీరంటే అవునని తలూపుతాను. ఇంకేం కావాలి?"

షెడ్డులో ఒక్కో మిషన్ దగ్గరా తలలు లేచాయి. అంతమాట అక్కర్లేదనిపించింది ఆమెకే, అనేశాక. ఆ డిస్కు నిజంగా చచ్చిపోయి ఉంటే? ఒళ్ళోది మోకాళ్ళకి బరువుగా తగులుతోంది.

గుమ్మంలో భర్త నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, చేతిలో వ్యాను తాళాలు.

"చూస్తే అరిగిపోతుందా అన్నయ్యా?" అన్నాడు. అనేసి, ఆ మాట వేరేవాళ్ళెవరో అన్నట్టు వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

బావగారు తమ్ముడి వంక చూశారు. చేత్తో సరే అన్నట్టు సైగ చేశారు.

ఎర్రదారం డిస్కు ఒక్కటే పెట్టెలోకి వెళ్ళింది. బటన్ నొక్కగానే తెల్లటి వరసలు మళ్ళీ పైకి జారాయి. ఇందాక ఆగినచోటికి వచ్చాయి. చిన్నకోడలు కుర్చీ అంచు పట్టుకుంది. వరసలు అక్కడ ఒక్క రవ్వ తటపటాయించి, ముందుకి సాగిపోయాయి. పెట్టె లేచింది. రీస్టార్ట్ డిజైన్ల వరస తెరిచాడు.

ఆసుపత్రి. కొత్త హంస. బేకరీ ఏప్రన్లు. క్రికెట్ జట్టు చొక్కాలు. ఆమె వేసవంతా కూర్చుని కుట్టించిన బొమ్మలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. కూజా లేదు.

రీస్టార్ట్ పెట్టె రాసుకున్న పాత సంగతులు తిరగేస్తూ, మెడ గోక్కుంటూ గొణిగాడు.

"ఇప్పుడర్థమైంది. ఆ దారం లేనిదే జంటలోంచి తప్పుకుంది సార్, ఎండలు మొదలైనప్పుడే. అప్పట్నుంచీ ఇదొక్కటే పనంతా చేస్తోంది. మొన్న దీని తీగ ఊడి, దాని తీగ మళ్ళీ తగులుకున్నట్టుంది. ఆ రోజు దగ్గరే ఆగిపోయి ఉన్న డిస్కు లేచి కూర్చుంది. మనం దాన్నే చూసి కొత్తవి పోయాయనుకున్నాం. నేనిందాక దీన్ని తుడిచేసి ఉంటే..." అని ఆపేశాడు. "తప్పు మేడమ్. చూడకుండా తుడిచేద్దామన్నాను."

"అంత జరుగుతుంటే మనకెందుకు చెప్పలేదు ఈ పెట్టె?" అన్నారు బావగారు.

"చెప్పింది సార్."

"ఎప్పుడు?"

"ఒకరోజు పొద్దున్న లేవకుండా ఆగిపోయింది, గుర్తుందా? ఒక డిస్కు కనబడ్డం లేదు, రెండోదాంతోనే లేవమంటారా అని అడిగింది. మర్నాడూ అడిగింది. మీరు ఫోన్ చేసి, రోజూ దీని సొదేంటి, అడక్కుండా లేచేలా చెయ్యమన్నారు. కొత్త డిస్కు వెయ్యాలి సార్ అన్నాను. తర్వాత చూద్దాం, ముందు దీని నోరు ముయ్యమన్నారు." ఆయన బల్ల మీది స్క్రూలు పోగుచేసుకున్నాడు. "మూశాను. ఆ మూయడం డిస్కుల్లో కాదు, పెట్టెలోనే చేశాను, లేకపోతే మొన్న కూడా ఒక్కమాట అడిగి ఉండేదే."

బావగారు అటూ ఇటూ చూశారు. చూపు గుమ్మం పక్కన నీళ్ళసీసాతో నిలబడ్డ అక్క దగ్గర ఆగింది.

"అసలు ఈ తీగలు ఎలా ఊడతాయి? ఈ పెట్టెని కదిపిందెవరు?"

అక్క చేతిలో సీసా వంగింది.

"ఆదివారం ఊడ్పించాను... కింద దుమ్ముందని కాస్త జరిపించాను..."

"అద్గదీ!" ఆయన మొహం తేటపడింది. "అలా చెప్పు. నీ నిర్వాకమా ఇదంతా!"

డాబా మీద గలేబు రెండుసార్లు ఎందుకు మడిచిందో చిన్నకోడలికి అప్పుడర్థమైంది. లేచి నిలబడింది.

"ఆగండి బావగారూ. అక్క ఆదివారం దుమ్ము ఊడ్పించింది. పెట్టె నోరు మీరు ఎప్పుడో మూయించారు. నా మీంచి తీసి ఆవిడ మీద పెట్టకండి. అంత బరువు ఆడవాళ్ళకి అందించుకుంటూ పోవడమెందుకు, కాసేపు మీరే పట్టుకోండి."

మాస్టారు గభాలున మిషన్ కిందికి వంగి ఏదో వెతుక్కున్నాడు.

"సరే సరే," అన్నారు బావగారు. "ఎవరి తప్పూ లేదు. మిషన్లన్నాక ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి. దొరికాయిగా, ఇంకేం. పని చూసుకోండి." అంటూనే గుమ్మం దాటి వెళ్ళిపోయారు.

*

మర్నాటికల్లా పెట్టె మామూలైంది. రెండ్రోజుల పనినీ ముందు విడిగా తీసి పెట్టుకుని, దారం లేని డిస్కుని పక్కన పెట్టేసి, కొత్త డిస్కు ఒకటి జతచేశాడు రీస్టార్ట్. ఎర్రదారం డిస్కులో ఉన్నదంతా దాన్లోకి రాసుకోవడం మొదలైంది. పోయేముందు చిన్నకోడల్ని అడిగాడు.

"ఆ అడగడం మళ్ళీ పెట్టమంటారా మేడమ్? ఒక్క డిస్కు పోయినా పొద్దున్నే లేవకుండా ఆగిపోతుంది."

"పెట్టండి. ఆగనివ్వండి."

"సార్ తిడతారేమో."

"నాకు ఫోన్ చెయ్యమనండి పెట్టెని," అంది. ఆయన నిజంగానే ఆమె ఫోనుకి కబురు వెళ్ళేలా ఏర్పాటు చేసిపోయాడు.

అది ముగిశాక ఆమె కుర్చీలో కూర్చుంది. మౌస్ ముట్టుకోలేదు. ఆసుపత్రి యూనిఫారాలు మడతలుగా పక్కనే ఉన్నాయి. మిగతా ఆర్డర్లతో మిషన్లు గోలగోలగా నడుస్తున్నాయి. బావగారు వచ్చి, ఆమె పక్కన ఎక్కడో గాలిని చూస్తూ నిలబడ్డారు.

"ఆ బొమ్మ మిషన్లకి ఎక్కించెయ్యమ్మా. రేపే శుక్రవారం."

"పెట్టెలోనే ఉంది. తీసుకోండి."

"నువ్వు చూడకపోతే ఎలా? దారం రంగులూ అవీ..." ఆయన గొంతు తగ్గించారు. "ఏదో అన్నాను. మనసులో పెట్టుకోకు. చెప్పానుగా, ఎవరి తప్పూ లేదని."

"బుధవారందాకా తప్పుకి పేరుంది బావగారూ, నా పేరు. అది మీవైపు తిరిగేసరికి ఎవరిదీ కాకుండా పోయింది."

"ఇప్పుడేమంటావు?"

"అందరి ముందూ అన్నారు. అందరి ముందే కాదనండి. అప్పటిదాకా ఈ కుర్చీలో దొంగ కూర్చుని ఉంది. దొంగచేత పని చేయించుకోకండి."

"ఇంటి పెద్దవాణ్ణి, పనివాళ్ళ ముందు..."

"నేను ఇంటి చిన్నదాన్ని. అదే పనివాళ్ళ ముందు."

"ఆ సొంత మిషన్ మాట?"

"వచ్చేనెల పైకెక్కుతుంది."

బావగారు షెడ్డు నడుమకి నడిచారు. అటొక వరసా ఇటొక వరసా మిషన్లు, సూదులన్నీ ఒక్కసారిగా గుడ్డలో దిగుతూ లేస్తూ ఉన్నాయి. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, చూపు పైకప్పు మీద నిలిపి, పెదాలు కదిపారు. మధ్యలో ఒకసారి చిన్నకోడలి వైపు చెయ్యి ఊపారు. పక్కనే ఉన్న మిషన్ మనిషి కూడా ఏంటన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. బావగారు అయిపోయిందన్నట్టు తలాడించి, వెనక్కి తిరిగారు.

అంతలో మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

దీపాలు ఆరాయి, ఫ్యాన్లు నెమ్మదించాయి. కరెంటు పోయిందనుకుని అందరూ గుమ్మం వైపు చూశారు. అక్కడ గోడకున్న మెయిన్ స్విచ్చి హ్యాండిలు కిందికి దించి ఉంది. దాని మీద అక్క చెయ్యి ఉంది.

"ఏంటది! కుట్లు మధ్యలో ఉన్నాయి!" అన్నారు బావగారు.

"ఏం లేదండీ. మీరేదో చెబుతున్నారు, వినపడలేదు," అంది అక్క. ఆ వారంలో షెడ్డులో ఆమె తనంతట తాను అన్న మొదటి మాట అది. "మిషన్లు మళ్ళీ అందుకుంటాయి లెండి. చెప్పండి."

బావగారు భార్యని చూశారు. ముప్ఫయ్యేళ్ళుగా ఆ చెయ్యి తను అడిగిందల్లా అందించడమే ఆయనకి తెలుసు. ఇప్పుడది హ్యాండిలు మీంచి కదల్లేదు.

"డిజైన్లు... చిన్నమ్మాయి తియ్యలేదు," అన్నారు. ఆ నిశ్శబ్దంలో ఆయన గొంతు ఆయనకే పెద్దగా వినపడినట్టుంది, కాస్త తగ్గించారు. "పెట్టె చెడిపోయి..."

"పెట్టె అడిగింది," అంది చిన్నకోడలు.

"పెట్టె అడిగింది. నేనే దాని నోరు మూయించాను. చూసుకోకుండా తనని దొంగన్నాను. తప్పు నాదే. మా ఆవిడది కూడా కాదు."

ఒక దారపు కండె ఎక్కడో బల్ల మీంచి దొర్లి కింద పడింది. ఎవరూ తీయలేదు.

"అందరికీ వినపడిందా?" అంది అక్క.

వరస చివర మాస్టారు వెలుతురు చాలక సూదిని కళ్ళదగ్గరికి పెట్టుకుని దారం ఎక్కిస్తున్నాడు. తలెత్తకుండానే, ఎంతో వినయంగా అన్నాడు.

"ఈ చివరకి సరిగ్గా అందలేదమ్మా."

అక్క హ్యాండిలు ఎత్తలేదు. బావగారు గొంతు సవరించుకుని, మొదట్నుంచీ మళ్ళీ మొదలుపెట్టారు.